రొయ్యలోకి దూరే నాళం: తేలిన లెక్కలు, తేలని ప్రశ్నలు

అమెరికా హోటళ్ల పళ్లేల్లోకి చేరే రొయ్యల్లో పెద్ద వాటా భారతదేశానిది. ఆ వాటాలో సింహభాగం ఆంధ్ర తీరానిది. 2023-24లో భారత్ నుంచి అమెరికాకు దాదాపు 3 లక్షల టన్నుల ఫ్రోజెన్ రొయ్య వెళ్లింది. తిరుగు దారిలో అమెరికా నుంచి వచ్చేవి తల్లిరొయ్యలు. హవాయి, ఫ్లోరిడా కేంద్రాల్లో పెంచి, ఫలానా రోగాలు లేవని ధ్రువీకరించిన వనామీ బ్రూడర్లు చెన్నైలోని క్వారంటైన్ దాటి మన హేచరీలకు చేరతాయి. ఈ రాకపోకల నడుమ, కంటికి ఆనని ఒక జీవి గోదావరి, కృష్ణా డెల్టాల చెరువుల్లో తిష్ఠ వేసింది. రైతులు దాన్ని మూడక్షరాలతోనే పిలుస్తారు: ఈహెచ్‌పీ. శాస్త్రీయనామం ఎంటరోసైటోజూన్ హెపటోపెనాయి. 2023లో కొందరు పరిశోధకులు దీన్ని ఎసైటోన్యూక్లియోస్పోరా అనే కొత్త ప్రజాతిలోకి మార్చారు గానీ, చెరువు గట్టున పాత పేరే నడుస్తోంది.

తెల్లమచ్చల వైరస్ వారంలో చెరువును ఖాళీ చేస్తుంది. ఈహెచ్‌పీ అలా చంపదు, ఎదగనివ్వదు. మూడు నెలలు మేత వేసినా రొయ్య వంద కౌంటు దగ్గరే, అంటే కిలోకు వంద తూగే సైజులోనే ఆగిపోతుంది. ఒకే చెరువులో చిన్నా పెద్దా కలిసి కనిపిస్తాయి. మేత ఖర్చు పెరుగుతుంది, పట్టుబడి నాడు ధర పడిపోతుంది. భారత రొయ్యల సాగుకు ఈహెచ్‌పీ వల్ల ఏటా సుమారు 57 కోట్ల డాలర్లు, అంటే దాదాపు నాలుగు వేల కోట్ల రూపాయల నష్టమని చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ, సీబా, శాస్త్రవేత్తలు 2021లో అంచనా కట్టారు.

ఇంత నష్టం చేసే ఈహెచ్‌పీ స్పోరు పొడవు ఒక మైక్రాన్‌కు కొంచెం ఎక్కువ. అది రొయ్య కణంలోకి ఎలా దూరుతుంది, ఏ ప్రోటీన్లు దానికి దారి చేస్తాయి అన్న ప్రశ్న మీద ఇప్పుడు అనేక వాదాలు పెనవేసుకుపోయాయి. స్పోరు నుంచి చిమ్ముకొచ్చే నాళమే కీలకమనేవారున్నారు, గోడ మీది ప్రోటీన్లే ముందు పట్టు బిగిస్తాయనేవారున్నారు, ఆతిథేయి కణమే తెలియక స్పోరును మింగుతుందనేవారూ ఉన్నారు. ప్రతి వాదానికీ సాక్ష్యాలున్నాయి. చిక్కేమిటంటే ఆ సాక్ష్యాల్లో అధికభాగం రొయ్య నుంచి వచ్చినవి కావు.

పట్టుపురుగుతో మొదలైన కథ

ఈహెచ్‌పీ చెందిన మైక్రోస్పోరిడియా వర్గపు చరిత్ర పట్టుపురుగుతో మొదలవుతుంది. యూరప్ పట్టు పరిశ్రమను కుదిపేసిన పెబ్రిన్ రోగంలో కనిపించిన జీవికి 1857లో నేగెలి నోసెమా బాంబిసిస్ అని పేరు పెట్టాడు. 1865 నుంచి ఐదేళ్లు లూయీ పాశ్చర్ దాని వెంట పడ్డాడు. గుడ్లు పెట్టిన తల్లిచిలుకను నూరి సూక్ష్మదర్శినిలో చూసి, స్పోర్లు కనబడితే ఆ గుడ్లను పారేసే పద్ధతి ఆయన చలవే. పట్టుగుడ్ల కేంద్రాల్లో ఆ పరీక్ష నేటికీ నడుస్తోంది, హిందూపురం వైపు పట్టు రైతులకు పెబ్రిన్ కొత్త పేరేమీ కాదు. 1882లో బాల్బియాని ఈ వర్గం మొత్తానికి మైక్రోస్పోరిడియా అని పేరు పెట్టాడు.

స్పోరు లోపల చుట్ట చుట్టుకొని ఒక సన్నని తంతువు ఉంటుందనీ, అది బయటికి చిమ్ముకొస్తుందనీ పందొమ్మిదో శతాబ్దం ముగిసేలోగానే గమనించారు. దాని పనేమిటన్నదే తగాదా. అది స్పోరును కణానికి కట్టేసే తాడేనని కొందరు నమ్మారు. ఆ తంతువు నిజానికి బోలు గొట్టమనీ, పరాన్నజీవి సారమంతా దాని గుండానే కణంలోకి జారుతుందనీ చూపడానికి జపాన్‌లో ఓషిమా మొదలుపెట్టిన పని దశాబ్దాలు సాగింది. 1963లో చెక్ శాస్త్రవేత్తలు లోమ్, వావ్రా మరో మెట్టు ఎక్కించారు. చొక్కా చేతిని లోపలి నుంచి పట్టి తిరగేస్తే ఎలా బయటపడుతుందో, నాళం అలా తిరగబడుతూ పొడవు పెరుగుతుందని వారు వివరించారు. నేటికీ నిలిచిన వివరణ అదే.

అమెరికాలో ఈ శాస్త్రానికి అసలు ఊపిరి మెక్సికో సింధుశాఖ తీరంలో పోసుకుంది. లూయిసియానా జాలర్లకు మాంసం తెల్లగా, దూదిలా మారిన రొయ్యలు వలలో పడుతుండేవి. వాటిని వారు దూది రొయ్య, పాల రొయ్య అనేవారు. విక్టర్ స్ప్రేగ్ 1950లో ఆ తీరపు పదికాళ్ల జీవుల్లోని మైక్రోస్పోరిడియాను వర్ణించాడు. మిసిసిపీలోని ఓషన్ స్ప్రింగ్స్ పరిశోధనశాల నుంచి రాబిన్ ఓవర్‌స్ట్రీట్ 1973లో పెంపకపు రొయ్యల పరాన్నజీవుల మీద పెద్ద సమీక్ష వెలువరించాడు. ఈహెచ్‌పీ పేరు పుట్టక ముందే రొయ్యల్లో ఈ వర్గం చేసే చేటు అమెరికా తీరానికి తెలుసు. అయితే అక్కడి జాతులు కండరాల్లో, ఇతర కణజాలాల్లో కాపురం పెడతాయి. రైతులు లివర్ అనే హెపటోపాంక్రియాస్‌నే గూడు చేసుకునే ఈహెచ్‌పీ దారి వేరు.

1976లో లూయిసియానా స్టేట్ యూనివర్సిటీకి చెందిన ఎర్ల్ వీడ్నర్ నీలి పీతలో ఉండే మైక్రోస్పోరిడియన్ నుంచి నాళాలను విడదీసి, అవి ఏ పదార్థంతో తయారయ్యాయో పరీక్షించాడు. గట్టి డిటర్జెంట్‌లో నానబెట్టినా, ఆమ్లంలో, క్షారంలో కాసేపు ఉంచినా అవి చెదరలేదు. గంధకపు బంధాలను తెంచే మెర్కాప్టోఎథనాల్, డైథయోథ్రైటాల్ తగిలితే మాత్రం కరిగాయి. నాళం ఒకే ఒక చిన్న ప్రోటీన్‌తో తయారైందని ఆయన తేల్చాడు. ఆ లెక్క తర్వాత తప్పింది గానీ, ఆ కరిగించే పద్ధతి తర్వాతి అర్ధశతాబ్దపు పరిశోధనకు తాళంచెవి అయింది.

ఒకటి ఆరైన వైనం

పీత దగ్గర మొదలైన పని మనిషి వైపు మళ్లడానికి కారణం ఎయిడ్స్. 1985లో ఎయిడ్స్ రోగి పేగులో ఎంటరోసైటోజూన్ బైన్యూసిని గుర్తించారు, అది ఈహెచ్‌పీకి దగ్గరి చుట్టం. రోగనిరోధక శక్తి పడిపోయినవారిలో ఎన్‌సెఫాలిటోజూన్ జాతులు కూడా బయటపడ్డాయి. ఈ రెండో రకాన్ని ప్రయోగశాలలో మనిషి, జంతువుల కణాల మీద పెంచవచ్చు. అందుకే శ్రమా నిధులూ అటు పోయాయి.

న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలలో లూయిస్ వైస్ బృందం వీడ్నర్ చూపిన రసాయన మార్గంలోనే నాళాలను కరిగించి, ప్రధాన ప్రోటీన్‌ను శుద్ధి చేసి, 1998లో ఎన్‌సెఫాలిటోజూన్ హెల్లెమ్‌లో దాని జన్యువును వర్ణించింది. అదే ఏడు ఫ్రాన్స్‌లో మరో బృందం ఎన్‌సెఫాలిటోజూన్ క్యూనిక్యులైలో అదే జన్యువును పట్టుకుంది. అది పీటీపీ1, అంటే నాళపు ప్రోటీన్లలో మొదటిది. ఆ తర్వాత 2001లో పీటీపీ2, 2002లో పీటీపీ3, క్రమంగా పీటీపీ4, పీటీపీ5, పట్టుపురుగు జాతి నుంచి 2020లో పీటీపీ6 చేరాయి.

వీటిలో ఒక్కోదానికి ఒక్కో తీరు. పీటీపీ1 నిండా ప్రొలీన్, దాని మీద మానోజ్ చక్కెరలు అతుక్కుని ఉంటాయి. ఆ చక్కెరలే కణం మీద పట్టు దొరికించుకుంటాయని అనుమానం, ముందుగా మానోజ్‌తో కణాలను తడిపి ఉంచితే సోకు తగ్గడం దానికి ఆధారం. ఎన్‌సెఫాలిటోజూన్‌లో పీటీపీ1, పీటీపీ2 జన్యువులు క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉంటాయి. పీటీపీ3లో సిస్టీన్ ఒక్కటీ లేదు, కనుక అది గంధకపు ముడుల్లో చేరక, నాళం కట్టే వేళ పరంజాలా పనిచేస్తుందని భావిస్తున్నారు. పీటీపీ4 నాళపు కొసన చేరుతుంది. ఈ వాదంలో అందరి చూపూ దాని మీదే. దాని సంగతి కాసేపట్లో.

ఒక ఇబ్బంది మాత్రం మొదటి నుంచీ ఉంది. ఈ ప్రోటీన్ల వరుసలు జాతి మారేసరికి గుర్తు పట్టలేనంతగా మారిపోతాయి. ఒక జాతిలోని పీటీపీ1 వరుస చేతిలో ఉన్నా, మరో జాతి జన్యుపటంలో దాన్ని పోలిక పట్టి వెతకడం కష్టం. పక్క జన్యువులను గుర్తుగా పెట్టుకొని, ఊళ్లో ఇంటి నంబరు తెలియనివాడు గుడినీ చెరువునూ ఆనవాలు అడిగినట్టు, ఇరుగుపొరుగును బట్టి ఊహించాల్సి వస్తుంది. ఈహెచ్‌పీకి పీటీపీ పేర్లు వచ్చింది చాలావరకు ఇలాంటి పోలికల మీదే. పేరు ఒకటైనంత మాత్రాన పని ఒకటేనని ఒప్పుకోవడానికి వీల్లేదు.

ఇంత వేగం ఎక్కడిది

నాళం విచ్చుకునే తీరు జీవశాస్త్రంలోకెల్లా అబ్బురపరిచే దృశ్యాల్లో ఒకటి. దోమల్లో ఉండే అన్‌కాలియా ఆల్జెరే అనే జాతిలో స్పోరు పొడవు 3 నుంచి 4 మైక్రాన్లు, నాళం మందం 100 నానోమీటర్లు. అది సెకనుకు 300 మైక్రాన్ల వేగంతో చిమ్ముకొస్తుంది. లోపలి సరుకు, అందులో రెండు కేంద్రకాలు, అంత సన్నని గొట్టంలో 60 నుంచి 140 మైక్రాన్ల దూరం నలుగుతూ పోయి కణంలో పడుతుంది. రెప్పపాటు వ్యవహారం.

ఈ బలం ఎక్కడిదన్న దాని మీద పాత సిద్ధాంతం ఫ్లోరిడా నుంచి వచ్చింది. గైన్స్‌విల్‌లోని అమెరికా వ్యవసాయ శాఖ ప్రయోగశాలలో ఆల్బర్ట్ అండీన్ బృందం 1987లో ఒక లెక్క చెప్పింది. స్పోరులోని ట్రెహలోజ్ అనే చక్కెర విరిగి గ్లూకోజ్ అవుతుంది, ఒక అణువు రెండవుతుంది, లోపలి ద్రవం చిక్కబడి బయటి నీటిని లాక్కుంటుంది, ఒత్తిడి పెరిగి నాళం తన్నుకొస్తుంది. వినడానికి నిండుగా ఉన్న ఈ వివరణకు గండి కొట్టిందీ అండీనే. 1999లో ఆయన, సహచరుడు వాండర్ మీర్ అనేక జాతులను పోల్చి చూస్తే, నీటి జీవుల్లో ఉండే జాతుల్లో ట్రెహలోజ్ విరిగింది, నేల మీది కీటకాల జాతుల్లో ఆ మార్పు కనబడలేదు. కనుక ఒకే యంత్రం అన్నింటినీ నడపదు. ఈహెచ్‌పీ నీటి జీవిదే. ట్రెహలోజ్ లెక్క దానికి సరిపడవచ్చు, అయినా కొలిచి చూపాల్సిన విషయమది.

ఇటీవల ఈ ప్రశ్నను జీవరసాయనం నుంచి భౌతికశాస్త్రం వైపు మళ్లించినవారు అప్పట్లో న్యూయార్క్ యూనివర్సిటీలో ఉన్న గీరా భాభా, డామియన్ ఎకియర్ట్, స్టాన్‌ఫర్డ్‌లో రే చాంగ్, మను ప్రకాశ్. మొదటి ఇద్దరి ప్రయోగశాల నుంచి 2020లో వచ్చిన పనిలో స్పోరు లోపలి నాళపు చుట్టలను మూడు కొలతల్లో పటం గీశారు, విచ్చుకోవడాన్ని వేగపు కెమెరాతో పట్టారు. ఆ వ్యాసపు మొదటి రచయిత పట్టనా జారోయెన్లాక్. థాయ్‌లాండ్‌లో రొయ్య ఈహెచ్‌పీ మీద పనిచేసి అమెరికా చేరిన శాస్త్రవేత్త. ఈ వాదంలో రొయ్యకూ నాళపు భౌతికశాస్త్రానికీ మధ్య నిజమైన వారధి ఉందంటే అది ఆ ప్రయాణమే.

తర్వాతి అడుగులో, 2024లో ప్రచురితమైన పనిలో, స్టాన్‌ఫర్డ్, న్యూయార్క్ బృందాలు స్పోరు లోపలి భాగాలు ఒకదానికొకటి ఎన్ని రకాలుగా కలిసి ఉండవచ్చో ముందు జాబితా కట్టాయి. ఒక్కో అమరికకు ఎంత శక్తి ఖర్చవుతుందో లెక్కించాయి. చిక్కదనం వేర్వేరుగా ఉన్న ద్రవాల్లో స్పోర్లను పేల్చి, ఏ అమరిక లెక్క ప్రయోగానికి దగ్గరగా ఉందో వరుస పెట్టాయి. సూక్ష్మదర్శిని చిత్రాల చుట్టూ వాదించుకునే రంగంలో, తప్పుడు ఊహలను అంకెలతో పక్కకు నెట్టే పద్ధతి ఇది. ఈ సమీక్ష దృష్టిలో గత పదేళ్లలో ఈ రంగంలో జరిగిన గట్టి పని ఇది.

గోడ వాదం

నాళం ఎంత వేగంగా దూకినా, దగ్గర్లో కణం లేకపోతే దండగ. ఇక్కడే రెండో వర్గం మాట వినాలి. వారి ప్రకారం స్పోరు మొదట కణానికి అంటుకోవాలి, ఆ అంటు గోడ మీది ప్రోటీన్ల పని.

స్పోరు గోడకు రెండు పొరలు. బయటిది ప్రోటీన్ల పొర, లోపలిది కైటిన్ పొర. టెన్నెసీలోని ఈస్ట్ టెన్నెసీ స్టేట్ యూనివర్సిటీలో రస్సెల్ హేమన్ బృందం 2005లో చూపిన ప్రయోగం ఈ వర్గానికి పునాది. కణాల ఉపరితలం మీద గంధకం చేరిన చక్కెర గొలుసులుంటాయి. ప్రయోగంలో అలాంటి గొలుసులనే, హెపారిన్ తరహావి, విడిగా కలిపితే ఎన్‌సెఫాలిటోజూన్ ఇంటెస్టినాలిస్ స్పోర్లు కణాలకు అంటుకోవడం తగ్గింది. స్పోర్లు బయటి గొలుసులను పట్టుకొని అసలు కణాన్ని వదిలేశాయన్నమాట. 2007లో అదే బృందం ఆ పట్టులో పాలున్న గోడ ప్రోటీన్‌గా ఎన్‌పీ1ను ముందుకు తెచ్చింది.

ఈహెచ్‌పీకి నేరుగా సంబంధించిన బలమైన సాక్ష్యం కూడా గోడ వైపే ఉంది. 2018లో జారోయెన్లాక్, థాయ్ సహచరులు ఈహెచ్‌ఎస్‌డబ్ల్యూపీ1 అనే గోడ ప్రోటీన్‌ను వర్ణించారు. దాని ఒక కొసన హెపారిన్‌ను పట్టే భాగాలున్నాయి, మరో కొసన పొరలను వంచే బార్2 అనే భాగం ఉంది. అది హెపారిన్‌కు అంటుకుంటుందని, గోడ రెండు పొరల్లోనూ ఉందని వారు చూపారు. కీటకాల నుంచి, మనుషుల నుంచి అరువు తెచ్చుకోకుండా రొయ్య పరాన్నజీవి నుంచే తీసి, దాని పని ఏమిటో పరీక్షించిన ప్రోటీన్ ఇది.

రెండు వర్గాలనూ పక్కపక్కన పెడితే ఒక వింత కనబడుతుంది. నాళం వాదానికి యంత్రం వివరంగా తెలుసు, కానీ రొయ్య లేదు. గోడ వాదానికి రొయ్య ఉంది, కానీ అంటుకున్నాక ఏం జరుగుతుందో చెప్పే వివరం తక్కువ. అంటుకోవడం సోకుకు తప్పనిసరా, లేక సోకు అవకాశాన్ని పెంచే సౌకర్యమా అన్నది కూడా తేలలేదు. పదుల మైక్రాన్ల దూరం కొట్టగల నాళం ఉన్న స్పోరుకు కణాన్ని తాకుతూ కూర్చోవాల్సిన అవసరం ఎంత అని నాళం పక్షం అడుగుతుంది. అడగదగ్గ ప్రశ్నే. రొయ్య లివర్ సన్నని గొట్టాల సముదాయం, వాటి లోపల రసం కదులుతూనే ఉంటుంది. ఆ ప్రవాహంలో పట్టు దొరకని స్పోరు రెట్టతో పాటు బయటికి కొట్టుకుపోతుందని గోడ పక్షం జవాబు. అదీ తీసిపారేయదగ్గది కాదు.

గడప దాటే క్షణం

నాళపు కొస కణపు పొరను తాకిన తర్వాత జరిగే దాని మీద మూడు వాదాలున్నాయి. పాతది, ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది: నాళం సూదిలా పొరను చీల్చుకుపోతుంది. రెండోది వైస్, బింగ్ హాన్ బృందం చెప్పేది: నాళం పొరను చీల్చదు, లోపలికి నొక్కి ఒక జేబు చేస్తుంది, ఆ మూసిన చోట పరాన్నజీవి కణంతో చేతులు కలుపుతుంది. మూడోది, జర్మనీ, ఫ్రాన్స్ ప్రయోగాల నుంచి 2000 ప్రాంతంలో బలపడినది: కణాలు మొత్తం స్పోరును మింగుతాయి, స్పోరు లోపలి నుంచే నాళం విప్పి బయటపడుతుంది.

రెండో వాదానికి పెద్ద అండ 2017లో దొరికింది. పీటీపీ4 మనిషి కణం మీదున్న ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్1ను పట్టుకుంటుందని, ఆ పట్టును అడ్డుకుంటే సోకు తగ్గుతుందని వైస్ బృందం చూపింది. కణం ఇనుమును లోనికి తెచ్చుకునే తలుపు ఆ రిసెప్టర్. 2019లో మరో మెట్టు: లోపలికి జారిన పరాన్నజీవి ఉపరితలపు ప్రోటీన్ ఎస్‌ఎస్‌పీ1 ఆతిథేయి మైటోకాండ్రియా మీది వీడీఏసీ అనే ద్వారాన్ని పట్టుకుంటుందని తేలింది. శక్తికేంద్రం పక్కనే మకాం.

రొయ్య రంగంలో రాసేవారు ఈ రెండు ఫలితాలను తరచూ ఒకే ఊపులో ఈహెచ్‌పీకి అంటగడతారు. అక్కడ ఆగాలి. వీడీఏసీ మైటోకాండ్రియా ఉన్న జీవులన్నింటిలో ఉంటుంది కనుక రెండో ఫలితం రొయ్యకు వర్తించే అవకాశం నిజంగా ఉంది. మొదటిదాని సంగతి వేరు. ఫలపు ఈగ లాంటి కీటకాల్లో ట్రాన్స్‌ఫెరిన్ ఉన్నా, దాన్ని పట్టే మన తరహా రిసెప్టర్ దొరకలేదు. రొయ్యా కీటకాలూ కీళ్లకాళ్ల వంశానివే. తలుపే లేని ఇంట్లో ఆ తాళంచెవి గురించి మాట్లాడటం ఎంత సబబు? ఈహెచ్‌పీకి పీటీపీ4 లాంటిది ఉంటే, అది రొయ్య కణం మీద మరేదో పట్టుకుంటూ ఉండాలి. అదేమిటో వెతకడమే ఇప్పుడు చేయాల్సిన పని, ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్ పేరు మరోసారి రాయడం కాదు.

నివాసంలోనూ తేడా ఉంది. ఎన్‌సెఫాలిటోజూన్ కణంలో ఒక సంచి కట్టుకొని అందులో పెరుగుతుంది. ఈహెచ్‌పీకి ఆ సంచి లేదు, నేరుగా కణద్రవంలో పడుకుంటుంది. పైగా ఎక్సెటర్ బృందం 2017లో వెలువరించిన జన్యుపట విశ్లేషణ ప్రకారం ఈ కుటుంబం గ్లూకోజ్‌ను విరిచి శక్తి తయారుచేసుకునే దారినే పోగొట్టుకుంది. సొంత పొయ్యి లేని ఈ జీవి ప్రతి ముద్దకూ రొయ్య కణం మీద ఆధారపడుతుంది. కాబట్టి గడప దాటడం ఎంత ముఖ్యమో, దాటిన మరుక్షణం శక్తిని లాక్కోవడం అంతే ముఖ్యం. చొరబాటు ప్రోటీన్ల జాబితాలో శక్తిని దిగుమతి చేసుకునే ప్రోటీన్లనూ చేర్చాలని వాదించేవారి మాటలో బలం ఉంది.

శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఎమిలీ ట్రోమెల్, ఆరన్ రీంకీ నులిపురుగుల మైక్రోస్పోరిడియా మీద 2017లో చేసిన పని మరో హెచ్చరిక ఇస్తుంది. ఆతిథేయి కణంలో బయటపడి పనిచేసే పరాన్నజీవి ప్రోటీన్లు జాతికీ జాతికీ వేగంగా మారిపోతున్నాయని వారు చూపారు. దగ్గరి చుట్టాల్లో కూడా పోలిక దొరకని ఈ ప్రోటీన్లను వదిలేసి, తెలిసిన ఆరు పీటీపీల చుట్టూ తిరిగితే అసలు ఆయుధాలు కంటపడకుండా పోవచ్చు.

రొయ్య దగ్గర ఎందుకు ఆగింది

ఇంత పని జరిగినా ఈహెచ్‌పీ మీద తేలినది తక్కువ కావడానికి పెద్ద కారణం ఒకటే. రొయ్య కణాలను ప్రయోగశాలలో తరతరాలుగా పెంచే కణరేఖ లేదు. ఎన్‌సెఫాలిటోజూన్‌కు కుందేలు, కోతి కణాలు దొరికినట్టు ఈహెచ్‌పీకి ఏ కణమూ దొరకదు. ప్రతి ప్రయోగానికీ సోకిన బతికున్న రొయ్యే కావాలి, దాని లివర్ నుంచే స్పోర్లు తీయాలి. పరాన్నజీవి జన్యువును కోసి చూసే పద్ధతులు మైక్రోస్పోరిడియాలో ఇంకా నిలదొక్కుకోలేదు. ఒక ప్రోటీన్ లేకపోతే సోకు ఆగుతుందా అన్న సూటి పరీక్ష చేయలేకపోవడం వల్లే, అంటుకుంటుంది, పట్టుకుంటుంది అనే మాటల దగ్గర వాదం ఆగిపోయింది.

అమెరికాలో రొయ్య వైపు నిలబడిన ప్రయోగశాల ట్యూసన్‌లోని అరిజోనా యూనివర్సిటీ ఆక్వాకల్చర్ పాథాలజీ ల్యాబ్. డోనాల్డ్ లైట్నర్ దశాబ్దాల పాటు నడిపిన ఈ చోటు నుంచి, అరుణ్ ధర్ నాయకత్వంలో, ఈహెచ్‌పీ మీద వరుసగా ఫలితాలు వచ్చాయి. 2021లో ఉప్పు శాతం మీద చేసిన ప్రయోగం ఆంధ్ర రైతుకు సూటిగా తగిలేది. 2 పీపీటీ లాంటి తక్కువ ఉప్పులోనూ సోకు జరిగింది, ఉప్పు పెరిగిన కొద్దీ తీవ్రత పెరిగింది. బోరు నీటితో, పలుచని ఉప్పుతో సాగు చేస్తే ఈహెచ్‌పీ రాదన్న నమ్మకానికి అక్కడితో ఆధారం పోయింది. నాళం విచ్చుకోవడానికి నీటి ఒత్తిడే ఇంధనమైతే, ఉప్పు తేడా ఆ యంత్రాన్ని ఎలా తాకుతుందన్నది చొరబాటు వాదంలోకి ఈ ప్రయోగం తెచ్చిన ప్రశ్న. దాన్ని ఎవరూ ఇంకా గట్టిగా పట్టుకోలేదు.

తెల్ల రెట్ట తగాదాను తేల్చడంలోనూ ఈ ల్యాబ్‌కు పాలుంది. చెరువు మీద తెల్ల దారాల్లా తేలే మలం కనబడగానే ఈహెచ్‌పీ అనేస్తారు. 2013లో థాయ్ పరిశోధకులు ఆ రెంటికీ కారణ సంబంధం లేదని రాశారు. తర్వాత అలాంటి మలంలో ఈహెచ్‌పీ స్పోర్లు దండిగా ఉన్నట్టు అరిజోనా నుంచే తేలింది. 2021 డిసెంబరులో లూయిస్ ఫెర్నాండో అరంగురెన్, ధర్, సహచరులు ఆ రోగాన్ని ప్రయోగశాలలో పుట్టించి చూపారు. ఈహెచ్‌పీతో పాటు ఒక విబ్రియో పారాహీమోలిటికస్ రకం కలిస్తేనే తెల్ల రెట్ట వచ్చింది. అంటే ఇరుపక్షాల మాటలోనూ సగం సగం నిజముంది.

చెరువు గట్టున ఏం చేరింది

చొరబాటు ప్రోటీన్ల శాస్త్రం రైతుకు ఇప్పటిదాకా ఇచ్చిన గట్టి వస్తువు మందు కాదు, పరీక్ష. మొదట్లో పీసీఆర్ పరీక్షలు రైబోజోమ్ జన్యువును వెతికేవి. ఆ జన్యువు ఈ వర్గం అంతటిలో దగ్గరగా ఉంటుంది కనుక, చెరువులోని పీతలో, పురుగులో ఉన్న మరో మైక్రోస్పోరిడియన్ కూడా పాజిటివ్ అని చూపేది. 2016లో జారోయెన్లాక్ బృందం గోడ ప్రోటీన్ జన్యువును గురిగా పెట్టి కొత్త పరీక్ష తయారుచేసింది. జాతికీ జాతికీ మారిపోయే గుణం శాస్త్రవేత్తకు తలనొప్పి, పరీక్షకు వరం. సీడు కొనే ముందు, బ్రూడర్లకు బతికున్న పాలీకీట్ పురుగులను మేతగా వేసే ముందు, చెరువు మట్టి చూసే ముందు ఏ జన్యువును గురిగా పెట్టిన పరీక్ష చేశారని రైతు ల్యాబును అడగవచ్చు, అడగాలి.

రెండో ఉపయోగం క్రిమిసంహారంలో. ఫ్లాక్సిన్ బి అనే రంగు తగిలితే ఈహెచ్‌పీ స్పోరు నాళం విప్పుతుంది. విప్పగలిగితే బతికున్నట్టు, లేకపోతే చచ్చినట్టు. 2018లో థాయ్‌లాండ్ నుంచి వచ్చిన ఈ చిట్కాతో క్లోరిన్, పొటాషియం పర్మాంగనేట్, గడ్డకట్టించడం లాంటివి స్పోరును నిజంగా చంపుతాయా అన్నది కొలవగలిగారు. చెరువు ఎండబెట్టి, హెక్టారుకు 6 టన్నుల చొప్పున కాల్చిన సున్నం చల్లి, దున్ని తడిపి, మట్టి పీహెచ్ 12కి ఎక్కించాలన్న సలహా కూడా స్పోరు గోడ ఎంత మొండిదో తెలిశాకే వచ్చింది.

మూడో దారిలో ఆశ ఎక్కువ, ఆధారం తక్కువ. రొయ్యకు మన తరహా యాంటీబాడీలు లేవు, కనుక టీకా అనే మాట ఇక్కడ అతకదు. గోడ, నాళం ప్రోటీన్ల జన్యువులను మూయించే ఆర్‌ఎన్‌ఏ ముక్కలను మేతలో కలిపి ఇవ్వాలన్నది ఒక ఆలోచన. హెపారిన్ లాంటి గొలుసులను మేతతో పంపి స్పోర్లను దారి మళ్లించాలన్నది మరొకటి. రెండూ ప్రయోగశాల తొట్టెలో అర్థవంతమే. వేల కిలోల మేత పడే చెరువులో, ఆ ముక్కలు నీటిలో చెడకుండా లివర్ దాకా చేరతాయా, కిలో రొయ్యకు ఎంత పడుతుంది అన్న ప్రశ్నలకు జవాబు వచ్చేదాకా వీటి పేరుతో అమ్మే ఏ డబ్బాకైనా డబ్బు పెట్టడం తొందరపాటే.

అమెరికాలో రొయ్య తినేవారి వైపు నుంచి తరచూ వచ్చే సందేహానికీ ఇక్కడే జవాబు. ఈహెచ్‌పీ మనిషి పేగులోని బైన్యూసికి చుట్టమే అయినా, మనుషులకు సోకినట్టు దాఖలా లేదు.

ఇంకా తేలాల్సినవి

ఈ రంగంలో ఇప్పుడు నాలుగు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. రొయ్య లివర్ కణం మీద ఈహెచ్‌పీ పట్టుకునేది దేన్ని? నాళం పొరను చీలుస్తుందా, నొక్కుతుందా? గోడ పట్టు లేకుండా సోకు సాధ్యమా? లోపలికి దిగిన మొదటి నిమిషాల్లో శక్తి ఎలా లాక్కుంటుంది? వీటిలో మొదటిది తేలితే మిగతావి తేలికవుతాయి. దాన్ని తేల్చాలంటే రొయ్య కణరేఖ కావాలి, లేకపోతే కనీసం లివర్ కణాలను కొన్ని వారాలైనా బతికించే నమ్మకమైన పద్ధతి కావాలి.

నాళం మీద అమెరికా బృందాలు చేసిన పని ఈ శాస్త్రానికి వెన్నెముక. ఆ వెన్నెముక మీద రొయ్య సాక్ష్యం ఇంకా చేరలేదు. చీడ మన చెరువుల్లో ఉంది, సోకిన రొయ్య మన దగ్గర దొరుకుతుంది, సూక్ష్మదర్శినులూ భౌతికశాస్త్ర లెక్కలూ అమెరికాలో ఉన్నాయి. బ్రూడర్లు అటు నుంచీ, ఫ్రోజెన్ పెట్టెలు ఇటు నుంచీ ఇన్నేళ్లుగా సముద్రాలు దాటుతున్నాయి. ఇకపై పరిశోధన నమూనాలూ, వాటి వెంట మన విశ్వవిద్యాలయాల పిల్లలూ దాటాలి. కొత్త మందుకు పెట్టే మొదటి రూపాయి కన్నా ముందు, రొయ్య కణరేఖకు పెట్టే రూపాయిని ప్రభుత్వాలూ, ఎగుమతిదారులూ, మేత కంపెనీలూ కలిసి పెట్టాలి.